పదమూడో పిన్ను దీపం

1962లో అమెరికాలోని సిరక్యూస్‌లో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో నిక్ హొలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రటి కాంతినిచ్చే ఎల్‌ఈడీని రూపొందించాడు. పాతకాలపు బల్బు వెలగాలంటే లోపలి తీగ బాగా వేడెక్కాలి. ఎప్పుడో ఒకప్పుడు అది తెగుతుంది. ఎల్‌ఈడీలో అలా వేడెక్కే తీగ లేదు. కొద్ది మిల్లీయాంపియర్లు అందితే అర్ధవాహక స్ఫటికమే వెలుగుతుంది. అందుకే యంత్రాల మీద సూచిక దీపంగా అది స్థిరపడింది.

ఆ దీపాన్ని ప్రోగ్రాముతో ఆడించే విద్యను అందరి చేతికీ తెచ్చింది ఆర్డ్వినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఒక డిజైన్ విద్యాసంస్థలో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెల్స్ తదితరులు ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థుల కోసం దాన్ని తయారుచేశారు. అంతకుముందు అక్కడే హెర్నాండో బరగాన్ నిర్మించిన ‘వైరింగ్’ అనే ప్రోగ్రామింగ్ వేదిక దానికి పునాది.

2010లో వచ్చిన ఆర్డ్వినో ఊనో బోర్డు మీద నాలుగు దీపాలుంటాయి. ‘ఆన్’ దీపం నేరుగా కరెంటుకు కలిపి ఉంటుంది. కంప్యూటరుతో సమాచారం నడిచేటప్పుడు ‘టీఎక్స్’, ‘ఆర్‌ఎక్స్’ మెరుస్తాయి. 13వ పిన్నుకు కలిపిన ‘ఎల్’ ఒక్కటే మన ప్రోగ్రాము మాట వింటుంది. కొత్తగా నేర్చుకునేవారు మొదట రాసేది దీన్ని సెకను వెలిగించి సెకను ఆర్పే ప్రోగ్రామే.

బయట మరో ఎల్‌ఈడీ తగిలిస్తే వరుసలో రెసిస్టరు ఉండాలి. పిన్ను ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర ఎల్‌ఈడీకి పోయేది సుమారు 2. మిగిలిన 3 వోల్టులు 220 ఓముల రెసిస్టరు మీద పడితే కరెంటు 14 మిల్లీయాంపియర్ల దగ్గర ఆగుతుంది. పిన్ను నుంచి 20 మిల్లీయాంపియర్లు దాటి లాగకపోవడం మంచిది.

దీపం వెలిగించడం తేలిక, దానితో నిజం చెప్పించడమే కష్టం. ప్రోగ్రాము మధ్యలో బిగుసుకుపోయినా ‘ఆన్’ వెలుగుతూనే ఉంటుంది. అందుకే ప్రోగ్రాము పదేపదే తిరిగే ప్రధాన లూపులో ఒక దీపాన్ని నాడిలా కొట్టుకోనివ్వాలి; లూపు ఆగితే మిణుకూ ఆగుతుంది. దీనికి, ప్రోగ్రామును కాసేపు ఆపి ఉంచే ‘డిలే’ ఆదేశం పనికిరాదు. అది నడిచినంతసేపూ లూపు ముందుకు కదలదు, బటన్ నొక్కినా చూడదు. ‘మిల్లిస్’ ఫంక్షన్‌తో గడిచిన కాలాన్ని చూసుకుంటూ దీపాన్ని మారిస్తే మిగతా పనులూ సాగుతాయి.

బోర్డుతో మోటారును నడిపేటప్పుడు, అది నడుస్తోందని చూపే దీపం సంగతీ అంతే. మోటారుకు కరెంటు కలిపే రిలేకు ఆదేశమిచ్చిన చోటే దీపాన్ని వెలిగిస్తే, అది చెప్పేది ఆదేశం వెళ్లిందని మాత్రమే. మోటారు తీగ తెగినా ఆ దీపం వెలుగుతుంది. తీగలో పారే కరెంటును సెన్సారుతో కొలిచి, ఆ కొలతను బట్టి వెలిగించాలి. ఏ దీపం దేన్ని చూసి వెలగాలో కాగితం మీద రాసుకున్నాకే ప్రోగ్రాముకు కూర్చోవాలి.