నీరుల్లి - కన్నీరు



ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదని మన పెద్దలు చెప్పిరి. అట్టి ఉల్లియే దినదినము మన తల్లులచే కంటతడి పెట్టించుచున్నది. వంటయింట కోడలు కొంగుతో కన్నులొత్తుకొనుచుండగా అత్తగారు "ఏమి బిడ్డా, ఏడ్చుచున్నావా?" యని యడుగును. "లేదత్తమ్మా, ఉల్లిగడ్డ కోయుచున్నాను" అని కోడలు బదులు చెప్పును. ఈ కన్నీటికి కారణమేమి? దీనిని మాన్పుకొను ఉపాయమేమి? అను రెండు విషయములను నేడు విచారింతము.

మా జహీరాబాదు పలుభాషల కూడలి. అంగడిలో ఒకే గంపలోని సరకును తెలుగువారు ఉల్లిగడ్డ యనియు, కన్నడిగులు ఉళ్ళాగడ్డి యనియు, ఉర్దూ మాటలాడువారు ప్యాజ్ అనియు పిలుతురు. అమరకోశమున దీనికి పలాండువు, సుకందకము అను పేర్లు గలవు. నీరుల్లి యనునది మన గ్రంథములలోని పేరు. "కంట నీరు తెప్పించును గనుక నీరుల్లియా, పంతులుగారూ?" అని బడిపిల్లలు నన్నడుగుచుండెడివారు. గడ్డ బరువులో నూటికి 85 పాళ్ళకు పైగా నీరే యున్నమాట నిజము. కాని కన్నీటికి కారణము ఆ నీరు కాదు.

ఒక్క సంగతి గమనింపుడు. గంపెడు ఉల్లిగడ్డల నడుమ కూర్చున్నను మనకు కన్నీరు రాదు. కత్తి పడిన కొలది క్షణములకే కన్నులు మండును. కావున కంటిని మండించు ఘాటు గడ్డలో ముందుగా సిద్ధమై యుండునది కాదు; కోతతోనే పుట్టునది.

అది పుట్టు విధము వినుడు. ఉల్లి కంటికి కనరాని అసంఖ్యాక జీవకణములతో కట్టబడినది. ప్రతి కణమున గంధకముతో కూడిన పదార్థమొకటి యుండును. అదే కణములోని చిన్న సంచిలో అల్లినేజు అను ఎంజైము వేరుగా నుండును. నడుమ నొక పలుచని పొర. కత్తి ఆ పొరను చీల్చగానే రెండును కలియును. క్షణకాలము నిలుచు ఆమ్లమొకటి పుట్టును. దానిని వేరొక ఎంజైము కన్నీరు తెప్పించు ఆవిరిగా మార్చును. మొదటి ఎంజైమే చాలునని పండితులు చాలకాలము తలచిరి. రెండవది కలదని జపాను శాస్త్రజ్ఞులు 2002లో నిరూపించిరి. వెల్లుల్లి యెంత ఘాటైనను మనల నిట్లు ఏడ్పింపకుండుటకు దానిలో ఈ ఆవిరి పుట్టకపోవుటయే కారణము. పురుగుల నుండియు, జంతువుల నుండియు తన్ను తాను కాపాడుకొనుటకు ఉల్లికి ప్రకృతి యిచ్చిన కవచమిది.

ఆవిరి కంటి తడిలో కరగి, నల్లగ్రుడ్డుపై నుండు పారదర్శకమైన పొరలోని నరములను రేపును. వార్త మెదడునకు చేరును. అంతట కంటి వెలుపలి కొన పైభాగమున నున్న గ్రంథి నీటిని కురిపించి కంటిని కడుగును. మిగిలిన నీరు లోపలి మూలనున్న సన్నని రంధ్రముల గుండ ముక్కులోనికి దిగును. అందుచేతనే ముక్కును కారును. దీనివలన కంటికి శాశ్వతమైన కీడు లేదు. కీడెల్ల వ్రేళ్ళకే. చూపు మసకబారిన వేళ చేయి కత్తి మీదనే యుండును గదా!

ఇక ఉపాయములు. మొదటిది, కత్తి వాడిగా నుండవలెను. మొద్దుకత్తి గడ్డను కోయదు, నలుపును. నలిగిన కణములు అధికమగును, రసము చిమ్మును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2025లో ప్రకటించిన పరీక్షలలో, వాడికత్తితో మెల్లగా కోసినప్పుడు తుంపరలు తగ్గినట్లు తేలినది. గడ్డను ముందుగా చల్లబరచిన మేలని పలువురందురు. ఆ పరీక్షలలో చల్లబరచినందున తుంపరలు తగ్గలేదు. కావున ముందు కత్తిపీటకు సానపట్టింపుడు. రెండవది, పొట్టు తీసి రెండుగా చీల్చిన గడ్డను కొంతసేపు నీట నుంచినచో రసము కొంత నీటిలో కలిసిపోవును. మూడవది, వేరుండు మొదలును కడపట కోయవలెను. నాలుగవది, గాలి మీ ముఖమునుండి ఆవలికి వీచునట్లు కిటికీ చెంత కూర్చుండవలెను, గడ్డపై వంగరాదు. ఉల్లి అంటిన చేతితో కన్ను నులుముకొనరాదు. చేతులు కడుగుకొని మంచినీటితో కన్నులు కడుగుకొనవలెను. వేడికి ఎంజైములు చెడును గనుక, ఉడికిన ఉల్లి ఎవరిని ఏడ్పింపదు.

తుదకొక మాట. మనస్సు నొచ్చినప్పుడు వచ్చు కన్నీరును ఆ గ్రంథి నుండియే వచ్చును. చూచువారికి భేదము తెలియదు. ఎందరో ఆడుబిడ్డలు తమ దుఃఖమును ఉల్లిగడ్డ చాటున దాచుకొనియుందురు. కావున పెద్దలారా, కత్తికి సానపట్టించిన పిమ్మటను, గాలి వీచుచోట కూర్చుండబెట్టిన పిమ్మటను మీ కోడలి కంట నీరు ఆరనిచో, "ఏమి బిడ్డా?" యని మరియొకమారు అడుగుడు. ఆ కన్నీటికి ఉపాయము శాస్త్రములో లేదు. మీ మాటలోనే యున్నది.