17 గంటల చీకటిలో సైకిలు పందెం

స్కాట్లండ్ ఉత్తర భాగంలో, ఇన్వర్‌నెస్ నగరానికి వాయవ్యంగా స్ట్రాత్‌పెఫర్ అనే చిన్న ఊరుంది. విక్టోరియా రాణి కాలంలో అక్కడి గంధకపు నీళ్లు తాగితే రోగాలు నయమవుతాయని జనం దూరదూరాల నుంచి వచ్చేవారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కలకు జనవరిలో వచ్చేవాళ్లు వేరు. ఊరికి దగ్గర్లోనే కాంటిన్ అనే పల్లె పక్కనున్న అడవిలో ‘స్ట్రాత్‌పఫర్’ పేరుతో 24 గంటల మౌంటెన్ బైక్ పందెం జరుగుతుంది. శనివారం పొద్దున మొదలైతే ఆదివారం పొద్దున దాకా సాగుతుంది. పది పన్నెండు కిలోమీటర్ల అడవి చుట్టును ఎవరు ఎక్కువసార్లు తిరిగితే వాళ్లదే గెలుపు. ఒంటరిగా తొక్కేవాళ్లు ఉంటారు, ఇద్దరో నలుగురో జట్టుకట్టి వంతులవారీగా తొక్కేవాళ్లు ఉంటారు, బడిపిల్లల జట్లు కూడా ఉంటాయి.

ఆ ఊరు భూమధ్యరేఖకు 57 డిగ్రీల ఉత్తరాన ఉంది. జనవరి నడిమధ్యలో హైదరాబాదులో పగలు 11 గంటలకు పైనే ఉంటే అక్కడ 7 గంటలు దాటి కాస్త మాత్రమే. అంటే ఈ పందెంలో దాదాపు 17 గంటలు చీకట్లోనే తొక్కాలి. కొన్నేళ్లు మంచు పడుతుంది, కొన్నేళ్లు ఎడతెగని వాన, కొన్నేళ్లు దారంతా అద్దంలా గడ్డకట్టి ఉంటుంది. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి సైకిలు జీవనోపాధి కాదు. సోమవారం పొద్దున మళ్లీ ఎవరి పనికి వాళ్లు వెళ్లాల్సినవాళ్లే.

ఇలాంటి కాలంలో పందెమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక కారణం తేలికగానే అర్థమవుతుంది. పెద్ద ఆటగాళ్ల ప్రపంచకప్ పోటీలు వసంతంలో మొదలై శరదృతువుతో ముగుస్తాయి. మిగిలిన నెలల్లో వాళ్లకు వెచ్చని దేశాలకు వెళ్లి సాధన చేసే వీలుంటుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు తొక్కేవాళ్లకు ఆ వీలు లేదు. నవంబరులో సైకిలు మూలన పెట్టి మార్చిలో దించితే ఒంట్లో దమ్ము పోయి ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లోని సన్నని రక్తనాళాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే ఓర్పుకు ఆధారాలు. వారానికి ఒకటి రెండు సుదీర్ఘమైన, నింపాదైన రైడ్లతో ఆ ఓర్పు నిలబడుతుంది. చలికాలంలో సైకిలు క్లబ్బుల రైడ్లు నడిచేది అందుకే. పది మంది ఎదురుచూస్తున్నారని తెలిస్తేనే చీకటి పొద్దున దుప్పటి తీసి లేవడం చాలామందికి సాధ్యమవుతుంది.

రెండో కారణం నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. చలికాలం పందెం స్వభావాన్నే మార్చేస్తుంది. వేసవిలో వేగం గెలిపిస్తుంది. జనవరిలో మాత్రం ఒంటి వేడిని, దీపంలోని బ్యాటరీని, బ్రేకు ప్యాడ్లను, కాళ్ల కింది నేలను ఆఖరిదాకా కాపాడుకున్నవాళ్లు నిలుస్తారు. ఇందులో ఏది ముందు అయిపోయినా కాళ్లలో ఎంత బలమున్నా పనికిరాదు.

ఒంటి వేడి సంగతి ముందు చూద్దాం. మనం తిన్న తిండిలోని శక్తిలో నాలుగో వంతో, అంతకంటే తక్కువో మాత్రమే పెడల్ మీదికి చేరుతుంది. మిగతాదంతా వేడిగా బయటికి పోతుంది. అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు సున్నా డిగ్రీల చలిలో కూడా చెమటలు కారతాయి. ప్రమాదం ఎక్కినంత సేపూ కాదు, దిగేటప్పుడు. పల్లంలో కాళ్లకు పని ఉండదు, వేడి పుట్టదు. పైగా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే ఆ గాలికి సున్నా డిగ్రీల చలి మైనస్ 6 డిగ్రీల చలిలా తగులుతుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట లోపలి చొక్కాను తడిపేసి ఉంటుంది. గాలి కంటే నీరు పాతిక రెట్ల వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మన దగ్గర అందరికీ ఇష్టమైన నూలు బట్ట అక్కడ పనికిరాదు, ఎందుకంటే అది తడిని పీల్చుకుని వదలదు. మెరీనో ఉన్ని గానీ, చెమటను బయటికి పంపే సింథటిక్ బట్ట గానీ లోపల వేసుకుని, పైన గాలీ వానా ఆపే పల్చని జాకెట్ తొడుక్కుంటారు. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఇంటి గడప దగ్గరే వెచ్చగా ఉంటే మొదటి ఎత్తు మీదే తడిసిపోతారు.

వేళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. చలి పెరిగితే గుండెను, మెదడును కాపాడడానికి శరీరం చేతులకు, పాదాలకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. నడిచేవాళ్లకు అది ఇబ్బంది మాత్రమే. సైకిలు మీద ఉన్నవాళ్లకు బ్రేకు పట్టేది ఆ వేళ్లే. మొద్దుబారిన వేళ్లతో రాళ్ల పల్లం దిగడం ఒళ్లు జలదరించే సంగతి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. ఆ స్థితికి చేరుతున్న మనిషికి తనకేమవుతోందో తెలియదు. మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చిరాకు పడతాడు, “నేను బాగానే ఉన్నా, మీరు పదండి” అంటాడు. ఆ మాట విన్నప్పుడే పక్కవాళ్లు అతన్ని వదలకూడదు. చలికాలంలో ఒంటరిగా అడవిలోకి వెళ్లకూడదని క్లబ్బులు పట్టుబట్టేది ఇందుకే.

అలాగే, పొద్దున రైడ్‌కు బయల్దేరిన గుంపులో వెనకబడిన మనిషి కోసం ఎక్కడ ఆగాలన్నది కూడా ఆలోచించి నేర్చుకునే విషయం. వేసవిలోనైతే కొండ శిఖరం మీద ఆగి కబుర్లు చెప్పుకుంటారు. జనవరిలో గాలి కొట్టే శిఖరం మీద చెమటతో తడిసి పది నిమిషాలు నిలబడితే ముందొచ్చిన బలవంతులే ముందుగా వణుకుతారు. అందుకే మంచి నాయకుడు కొంచెం కిందనే, చెట్ల చాటున గుంపును ఆపుతాడు. లేదా వేగంగా ఎక్కినవాళ్లను వెనక్కి దిగి, చివరి మనిషితో కలిసి మళ్లీ ఎక్కమంటాడు. వెనకబడినవాళ్లకు తోడు దొరుకుతుంది, ముందున్నవాళ్లకు ఒళ్లు చల్లారదు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. ఎవరినీ చిన్నబుచ్చకుండా అందరినీ కాపాడుతుంది.

ఇక దీపాలు. రాత్రి రైడ్లకు సాధారణంగా రెండు దీపాలు వాడతారు, ఒకటి హ్యాండిల్ మీద, ఒకటి హెల్మెట్ మీద. రెండూ చేసే పనులు వేరు. హెల్మెట్ దీపం కళ్లకు దగ్గరగా ఉండడం వల్ల అది వేసే నీడలు మనకు కనిపించవు. దారి మొత్తం చదునుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. హ్యాండిల్ దీపం కిందనుంచి వెలుగు వేయడంతో ప్రతి రాయికీ, వేరుకీ వెనకాల నీడ పడి గుంత ఎక్కడో మెరక ఎక్కడో తెలుస్తుంది. కానీ మలుపు తిరిగేటప్పుడు అది చెట్లనే చూపిస్తుంది, మనం చూడాలనుకున్న దారిని కాదు. అక్కడ తలతో పాటు తిరిగే హెల్మెట్ దీపం ఆదుకుంటుంది. పొగమంచులో మాత్రం అది కళ్లముందు తెల్లని గోడ కట్టేస్తుంది, ఆర్పేయడమే మేలు. ఇప్పటి దీపాలు దాదాపు అన్నీ లిథియం అయాన్ బ్యాటరీల మీద నడుస్తాయి. చలిలో వాటి లోపలి రసాయన చర్య మందగించి, కాగితం మీద రాసినన్ని గంటలు వెలగవు. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెడితే బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. అదనపు బ్యాటరీని జాకెట్ లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకుని, దీపం మసకబారే లోపే మార్చుకుంటారు.

సైకిలుకు అసలు శత్రువు బురదలో కలిసిన ఇసుక. గొలుసు లింకుల సందుల్లోకి అది చేరితే సానరాయి మీద పెట్టిన కత్తిలా ఇనుము అరిగిపోతుంది. వేసవి అంతా రావాల్సిన గొలుసు కొన్ని తడి ఆదివారాలకే సాగిపోతుంది. దాన్ని సమయానికి మార్చకపోతే వెనక ఉన్న ఖరీదైన పళ్లచక్రాలు కూడా పోతాయి. బ్రేకు ప్యాడ్లు ముఖ్యంగా రెండు రకాలు. రెసిన్‌తో చేసినవి మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి గానీ తడి ఇసుకలో ఒక్క రాత్రిలో లోహపు పలక దాకా అరిగిపోగలవు. లోహపు పొడిని వేడిచేసి ఒత్తి తయారుచేసే సింటర్డ్ ప్యాడ్లు కీచుమంటాయి, కానీ నిలబడతాయి. 24 గంటల పందేలకు వచ్చేవాళ్ల పెట్టెలో విడి ప్యాడ్లు తప్పకుండా ఉంటాయి. అర్ధరాత్రి టార్చి వెలుగులో వాటిని మార్చే స్నేహితుడు ఆ జట్టుకు తొక్కేవాళ్లంత ముఖ్యుడు.

టైర్ల విషయంలో కొత్తవాళ్లు తడబడతారు. బురదలో వెడల్పు టైరే మంచిదనుకుంటారు. కానీ మెత్తటి బురదకు వాడే టైరు కాస్త సన్నగా, ఎత్తైన గుబ్బలు దూరదూరంగా ఉండేలా ఉంటుంది. అది పై జారుడు పొరను కోసుకుని కింది గట్టినేలను పట్టుకుంటుంది. గుబ్బల మధ్య ఖాళీ ఉంటే చక్రం తిరిగినప్పుడు మట్టి విదిలిపోతుంది. గాలి కూడా కొంచెం తగ్గిస్తారు. ట్యూబు లేకుండా, లోపల రబ్బరు పాల ద్రవం పోసిన టైర్లయితే గాలి తగ్గినా రాయి తగిలి ట్యూబు చిట్లే భయం ఉండదు. గడ్డకట్టిన దారికి ఈ గుబ్బలేవీ పనికిరావు. అక్కడ టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు దిగ్గొట్టిన టైర్లు కావాలి. స్ట్రాత్‌పఫర్‌కు వచ్చే చాలామంది అలాంటి జత ఒకటి వెంట తెచ్చుకుంటారు. లోతైన మంచుకు మరో రకం సైకిలే పుట్టింది. అలాస్కాలో 1987 నుంచి కుక్కబళ్ల దారి మీద జరిగిన పందేల వల్ల, నాలుగు అంగుళాల వెడల్పు టైర్లతో మంచు మీద తేలే ఫ్యాట్‌బైకులు వచ్చాయి. అది వేరే కథ.

ఈ ఆట చరిత్ర అందరూ చెప్పుకునేదే, 1976లో కాలిఫోర్నియా ఫెయిర్‌ఫాక్స్ కొండ మీద మొదలైన రిప్యాక్ పందేలు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో దక్కిన చోటు. అంతకు చాలా ముందే, 1955లో, ఇంగ్లండ్‌లోని లెమ్‌స్టర్‌లో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే క్లబ్బు పుట్టింది. మామూలు సైకిళ్లతోనే కొండదారులు, గొర్రెల బాటలు దాటేవారు ఆ సభ్యులు. తొక్కలేని చోట భుజాన వేసుకుని నడిచేవారు. పోటీ లేకుండా, తోడుగా, ఎలాంటి వాతావరణంలోనైనా వెళ్లిరావడమే వాళ్ల ఆట. ఇవాళ్టి చలికాలపు క్లబ్బు రైడ్లకు అసలైన పెద్దలు కాలిఫోర్నియావాళ్ల కంటే వీళ్లేనని నా నమ్మకం.

జనవరిలో కాపాడుకోవాలని ముందు చెప్పుకున్నవాటిలో ఇక మిగిలింది నేల. నాలుగింటిలో తేలికగా మరిచిపోయేది ఇదే. తడిసిన మట్టిబాట మీద వంద చక్రాలు వెళ్తే లోతైన గాడి పడుతుంది, ఆ గాడిలో వాన నీరు పారుతుంది, వసంతానికి బాట వాగవుతుంది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మరీ చెడ్డవి. పొద్దున్నే వెళ్తే నేల రాయిలా ఉంటుంది, ఏమీ కాదు. మధ్యాహ్నానికి పైన రెండంగుళాలు కరుగుతుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉండడంతో నీరు ఇంకదు, పై పొర మొత్తం చక్రానికి అంటుకుని లేచిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు అలాంటి రోజుల్లో తెల్లవారకముందే వెళ్లి ఎండ రాకముందే ఇంటికి చేరతారు. నీటిగుంట ఎదురైతే దాని మధ్యలోంచే పోతారు. పక్కనుంచి తప్పుకుంటే బాట వెడల్పు పెరిగి, గడ్డి చచ్చి, గుంట ఇంకా పెద్దదవుతుంది. బూట్లు తడిసినా అదే మర్యాద.

బ్రిటన్‌లో ఈ మర్యాదకు చట్టం కూడా తోడుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో గుర్రపు బాటల మీద సైకిలు తొక్కే హక్కు 1968 నాటి కంట్రీసైడ్ చట్టంతో వచ్చింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారివ్వాలన్న షరతుతో. స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ఇంకా ఉదారమైనది. బాధ్యతగా మెలిగితే దాదాపు ఏ బీడులోనైనా, అడవిలోనైనా తిరగవచ్చు. బాటను పాడుచేస్తే ఆ బాధ్యత తప్పినట్టే. 1990లలో వేల్స్‌లోని కోయిడ్ ఎ బ్రెనిన్ అడవిలో డాఫిడ్ డేవిస్ అనే ఆయన రాళ్లు పరిచి, నీరు పక్కకు జారేలా వాలు పెట్టి సైకిళ్ల కోసమే బాటలు వేయించారు. వానలో తొక్కినా చెడని బాట ఎలా ఉండాలో దేశమంతా అక్కడ చూసి నేర్చుకుంది. ఇప్పుడు చాలా క్లబ్బులు చలికాలంలో కొన్ని ఆదివారాలు సైకిళ్లు పక్కనపెట్టి పార, గునపం, తోపుడు బండి పట్టుకుని కాల్వలు తీస్తాయి, గాడులు పూడుస్తాయి. ఎవరికీ కూలి లేదు. క్లబ్బుల ఫలితాల పట్టికల్లో ఈ పని ఎక్కడా కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది. పందెంలో ప్రతి చుట్టూ ఈ చేతుల మీదుగానే పోతోంది.

మన దగ్గర కాలం తిరగబడి ఉంటుంది. తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల చాలావరకు ఎండి ఉంటుంది, పొద్దుటి చలి హాయిగా ఉంటుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లాంటి చోట్ల తొక్కడానికి అంతకంటే మంచి కాలం లేదు. బ్రిటన్‌వాళ్లు జనవరిలో పాటించే జాగ్రత్త మనకు జులైలో కావాలి. తడిసిన నల్లరేగడి చక్రానికి పొరలు పొరలుగా చుట్టుకుని ఫోర్కులో ఇరుక్కుంటుంది, చివరికి సైకిలును మోసుకుంటూ నడవాల్సి వస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే రైతు నడిచే గట్టు మీద చక్రం చేసిన గాడి ఉంటుంది. వాన పడ్డాక రెండు మూడు రోజులు ఆగి, ఎర్రమట్టి, మొరం ఉన్న దారులు ఎంచుకుంటే ఆ గట్టూ మిగులుతుంది, గొలుసూ మిగులుతుంది.