మోడల్ విమానం కూలితే తప్పు మోటార్‌దేనా?

రేడియో కంట్రోల్ విమానం ఎగిరిన క్షణాల్లోనే కూలితే చాలామంది మోటార్‌ను అనుమానిస్తారు. ముందు చూడాల్సింది గరిమనాభి. దీర్ఘచతురస్రాకార రెక్కలున్న శిక్షణ మోడళ్లలో ఇది సాధారణంగా రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25-30 శాతం దూరంలో ఉండాలి.

బ్యాటరీ బిగించాక, అక్కడ గీత గీసి, రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి విమానాన్ని ఎత్తండి. ముక్కు బాగా వాలితే విమానం మొద్దుగా కదులుతుంది, దిగేటప్పుడు ముక్కు లేవనంటుంది. తోక వాలితే మరీ ప్రమాదం: చిన్న కదలికకే ముక్కు పైకి లేచి అదుపు తప్పుతుంది.

సీసం అతికించేముందు లెక్క వేయాలి. 1,200 గ్రాముల మోడల్‌లో గరిమనాభి గీతకు 10 మి.మీ. వెనక ఉందనుకుందాం. గీతకు 300 మి.మీ. ముందు, ముక్కులో 40 గ్రాములు కలిపితే సరిపోతుంది. 200 గ్రాముల బ్యాటరీని 60 మి.మీ. ముందుకు జరిపినా ఫలితం అదే, పైగా అదనపు బరువు ఉండదు. అందుకే ముందు బ్యాటరీ, ఆ తర్వాతే సీసం.

జంషెడ్‌పూర్‌లో మరో జాగ్రత్త కూడా కావాలి. సోనారీ విమానాశ్రయం నగరంలోనే ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయ సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపు ప్రాంతం గ్రీన్ జోన్ కాదు. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ చూశాకే మైదానం ఎంచుకోవాలి. తూకం తప్పిన కిలో బరువు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.