గుండెను కాపాడు సూదిమందు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు హైదరాబాదు చెంతనున్న పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట అచ్చట హైటెక్ సిటీ విస్తరించినది. ఆ మేడలు కట్టిన కూలీలలో పాలమూరు పల్లెలనుండి వలసపోయినవారు అనేకులు. వారితోపాటు పిల్లలును పోవుదురు. పని ముగియగానే మకాము మార్చుదురు. అట్టి బిడ్డకు మూడు వారములకొకసారి సూదిమందు తప్పక పడవలసియున్నచో, ఆ సంగతి కనిపెట్టి యుండువారెవరు? పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

ఐదు మొదలు పదునైదేండ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చుట కలదు. తగిన చికిత్స జరుగనిచో, కొందరికి రెండు మూడు వారముల పిమ్మట జ్వరము వచ్చి, మోకాళ్ళు, చీలమండలు ఒకదాని వెంట ఒకటి వాచును. దీనిని రుమాటిక్ జ్వరమందురు. కీళ్ళవాపు తగ్గిపోవును గాని, గుండె కవాటములకు తగిలిన దెబ్బ నిలిచిపోవచ్చును. జ్వరము తిరుగబెట్టినకొలది ఆ దెబ్బ ముదురును.

దీనిని అరికట్టు మందు బెంజాథిన్ పెన్సిలిన్. చెరువునీరు తూముగుండా కొద్దికొద్దిగా పారునట్లు, కండలో నిలిచిన ఈ మందు మూడు నాలుగు వారములపాటు మెల్లగా రక్తములో కలియుచుండును. పెద్దలకు 12 లక్షల యూనిట్లు, చిన్నపిల్లలకు 6 లక్షల యూనిట్లు ఇచ్చుట వాడుక. కనీసము ఐదేండ్లు, గుండెకు దెబ్బ తగిలినచో పదేండ్లు లేక అంతకు మించియు వేయించుకొనవలెను. బిడ్డ ఆరోగ్యముగా కనబడుటచేత పలువురు తల్లిదండ్రులు నడుమనే మానివేయుదురు. ప్రమాదమంతయు అందే యున్నది.

ఆఫ్రికాలోని ఉగాండాలో గుండెజబ్బు తొలిదశలోనున్న 818 మంది పిల్లలపై జరిగిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. రెండేండ్లలో సూది పడినవారిలో నూటికి ఒక్కరికైనను జబ్బు ముదురలేదు; పడనివారిలో నూటికి ఎనిమిదిమందికి ముదిరినది.

అయితే జాగ్రత్తలు తప్పనిసరి. ఈ సూదిని లోతుగా కండలోనే వేయవలెను. నరమునకు ఎక్కించినచో ప్రాణాపాయము. పెన్సిలిన్ పడనివారు ముందుగానే ఆ మాట చెప్పవలెను. అరుదుగా ఒళ్ళంతయు దద్దురులు లేచి ఊపిరాడకపోవచ్చును. కనుక అడ్రినలిన్ మందు సిద్ధముగానున్న ఆసుపత్రిలోనే వేయించి, అరగంటసేపు అచ్చటనే కూర్చుండబెట్టవలెను. ఖాళీ కడుపుతో తీసికొనిపోరాదు. కవాటములు మిక్కిలి చెడినవారికి సూదికి బదులు మాత్రలు మేలా అన్నది వైద్యుడే నిర్ణయించును. పిల్లలకు ఇది మిక్కిలి నొప్పి కలిగించు సూది. కావున కసరక బుజ్జగించి తీసికొనిపోవలెను.

పంచాయతీలు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, 2013నుండి జరుగుచున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందము బడికి వచ్చినపుడు, గొంతునొప్పి, కీళ్ళవాపు, ఆయాసము గల పిల్లలను తప్పక చూపించుట. రెండవది, సూది పడవలసిన పిల్లల పేర్లు, తేదీలు ఆశా కార్యకర్తచేత వ్రాయించి యుంచుట. మూడవది, కుటుంబము వలసపోవునపుడు మందు పేరు, మోతాదు, కడపటి తేదీ వ్రాసిన చీటిని తల్లి చేతికిచ్చి, పోయినచోట దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చూపుమని చెప్పుట. చీటిలేని బిడ్డకు క్రొత్తచోట సూదివేయుటకు వైద్యులు సంకోచింతురు.

బస్తీలో ఆ కుటుంబమును ఎరిగినవారు ఉండకపోవచ్చును. ఊరిలో మనమెరుగుదుము. కావున ఆ చీటిని వ్రాయించి యిచ్చుట మన పని.