మీకు తెలుసా? బంగారు నేలలో అశోకుడి పేరు

అశోకుడి సొంత శాసనాల్లో ఆయన పేరును తొలిసారి బయటపెట్టింది ఒక బంగారు గనుల ఇంజినీరు! 1915లో నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా మస్కి దగ్గర, సి. బీడన్ అనే ఆయన కంట ఒక బ్రాహ్మీ శాసనం పడింది. అప్పటిదాకా దొరికిన ఆ రాజు శాసనాల్లో 'దేవానాంపియ', 'పియదసి' అన్న బిరుదులే ఉండేవి. ఆ రాజు అశోకుడేనని పండితులు సింహళ గ్రంథాలను బట్టి చెప్పేవారు. మస్కి బండ మీద మాత్రం పేరే చెక్కి ఉంది.

ఓరుగల్లు వాళ్లకు ఆ సీమ పరాయిదేమీ కాదు. 1956 దాకా ఓరుగల్లు (వరంగల్), రాయచూరు ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఇంకా వెనక్కి వెళ్తే, 1294లో రాయచూరు కోట కట్టించింది కాకతీయుల సామంతుడు గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడు. ఆ సంగతి చెప్పే శాసనాన్ని కోటగోడలో 41 అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే రాయి మీద చెక్కించాడు.

మస్కి ఉన్న జిల్లాలోనే హట్టి బంగారు గని ఉంది. ఈ కాలపు ఇంజినీర్లు అక్కడ దిగేసరికి పాతవాళ్లు ఎప్పుడో 600 అడుగుల లోతు దాటి తవ్వేసి ఉన్నారు! పాత సొరంగాల్లో దొరికిన కలపను పరీక్షిస్తే దాదాపు 2,000 ఏళ్ల నాటిదని తేలింది. మందుగుండు లేని రోజులవి. బండకు ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. బాగా కాగిన రాయి మీద నీళ్లు పోస్తే అది బీటలు వారేది. ఆ ముక్కలను పైకి తెచ్చి, పిండిలా నూరి, నీళ్లలో కడిగితే బంగారు రేణువులు మిగిలేవి. నూరి నూరి అరిగిన గుంటలు ఆ చుట్టుపక్కల బండల మీద కనిపిస్తాయి. నా దృష్టిలో అవి కూడా శాసనాలంత విలువైనవే. రాజుల పేర్లు బండలకెక్కాయి గానీ, ఆ చీకట్లో పొగ మింగుతూ తవ్వినవాళ్ల గుర్తుగా మిగిలినవి ఇవే.

మళ్లీ అశోకుడి దగ్గరికి వస్తే, కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం సువర్ణగిరి అనే పట్నాన్ని పేర్కొంటుంది. అశోకుడి తరఫున ఒక రాజకుమారుడు అక్కణ్నుంచే ఆజ్ఞలు పంపేవాడు. అది మస్కి అని కొందరు, కనకగిరి అని కొందరు, కర్నూలు జిల్లా జొన్నగిరి అని ఇంకొందరు అంటారు. జొన్నగిరిలోనూ బంగారం ఉంది. దానికి దగ్గర్లోని ఎర్రగుడిలో 1929లో అశోకుడి శాసనాలను కనిపెట్టిన అను ఘోష్ భూగర్భ శాస్త్రవేత్త. అక్కడి ఒక శాసనంలో కొన్ని వరుసలను ఎడమ నుంచి కుడికి, మరికొన్నింటిని కుడి నుంచి ఎడమకు చదవాలి.