ఊరి సొమ్మునకు లెక్క

కనగానపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక మండల కేంద్రము. వర్షము తక్కువ, మెట్టభూములు ఎక్కువ అయిన సీమ అది. వానను నమ్మి వేరుసెనగ విత్తు రైతులును, ఏ పూటకా పూట కూలికి పోవువారును అచ్చట పెక్కుమంది. అట్టిచోట ప్రజల సొమ్ము కొంచెము దారితప్పినను ఏదో ఒక వీధికి త్రాగునీరు తగ్గును. ఏదో ఒక సందులో దీపము వెలుగదు. అందుచేత ఊరి సొమ్ము ఎట్లు వచ్చుచున్నది, ఎట్లు వ్యయమగుచున్నది అను విషయము పెద్దలతోపాటు పిల్లలును తెలిసికొనదగినది.

గ్రామములో వీధులు ఊడ్పించుటకు, మురుగుకాలువలు తీయించుటకు, నీరు పంచుటకు పంచాయతీ కలదు. ధర్మవరము, హిందూపురము వంటి పట్టణములలో ఈ పనులనే పురపాలక సంఘము చేయును. వార్డుల ప్రజలు ఎన్నుకొనిన సభ్యులు సమావేశమై తీర్మానములు చేయుదురు. వానిని అమలు జరుపు బాధ్యత కమిషనరుది. సభ్యుల పదవీకాలము ముగిసి ఎన్నికలు ఆలస్యమైనచో ప్రత్యేకాధికారి పాలన సాగించును. పాలించువారు మారవచ్చును గాని లెక్క చెప్పవలసిన బాధ్యత మారదు.

ఈ సంస్థల చేతికి వచ్చు ధనము ఎవరిది? ఇంటిపన్ను, కుళాయి రుసుము, అనుమతుల రుసుము మొదలైనవి ప్రజలు నేరుగా చెల్లించునవి. రాష్ట్ర ప్రభుత్వ నిధులును, ఆర్థిక సంఘముల సిఫారసుపై వచ్చు గ్రాంట్లును పైనుండి లభించునవి. ఈ రెండవ తరగతి సొమ్ము ప్రభుత్వము ఉచితముగా ఇచ్చినదని పలువురు భావింతురు. అది సరికాదు. సబ్బుబిళ్ల కొన్న కూలివాడును దాని ధరతోపాటు పన్ను చెల్లించుచున్నాడు. అట్టి పన్నులే ఒకచోట చేరి, మరల గ్రాంటు రూపమున ఊరికి వచ్చుచున్నవి. కావున సొంత ఇల్లు లేని నిరుపేదకు సైతము లెక్క అడుగు హక్కు కలదు.

ఒక సిమెంటు రోడ్డు ఎట్లు ఏర్పడునో చూతము. మొదట బడ్జెటులో సొమ్ము కేటాయింపబడును. ఇంజనీరు అంచనా తయారుచేయును. పనికి మంజూరు లభించిన పిమ్మట టెండరు పిలుతురు. గుత్తేదారు పని చేయును. ఇంజనీరు దానిని కొలిచి కొలతల పుస్తకములో వ్రాయును. ఆ కొలతలనుబట్టి బిల్లు తయారగును. పరిశీలన ముగిసిన మీదట సొమ్ము చెల్లింపబడును. ఇన్ని మెట్లు ఉంచుటకు కారణము ఒక్కటే. ఒకరు చేసిన పనిని మరియొకరు సరిచూడవలెను. ఐనను వారందరు ఏకమైనచో, లేదా అందరును ఉపేక్షించినచో, కంచె చేను మేసినట్లగును.

ఒక చిన్న లెక్క వేసికొనుడు. రోడ్డు పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందము 15 సెంటీమీటర్లు అని పుస్తకములో వ్రాసిరనుకొందము. దానికి 45 ఘనపు మీటర్ల కాంక్రీటు కావలెను. నిజముగా వేసిన మందము 10 సెంటీమీటర్లే అయినచో పట్టినది 30 ఘనపు మీటర్లు మాత్రమే. పొడవు సరిపోయినది, వెడల్పు సరిపోయినది, పైనుండి చూచువానికి లోపమేమియు కనబడదు. కాని మూడవవంతు కాంక్రీటు రోడ్డులో లేదు. ఆ లోపము కొన్ని వానలు కురిసి, రోడ్డు పగిలిన తరువాత గాని బయటపడదు.

ఇట్టి లోపములను కనిపెట్టుటకు ఏర్పాటు లేకపోలేదు. 1993లో అమలులోనికి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకును పురపాలక సంఘములకును రాజ్యాంగములో స్థానము కల్పించినవి. వాని లెక్కలను, ఆడిట్‌ను గూర్చి రాష్ట్రములు చట్టములు చేయవచ్చునని అందు కలదు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఆడిట్ శాఖవారు ఈ సంస్థల పుస్తకములను తనిఖీ చేసి, తప్పులు కనబడినచో అభ్యంతరములు వ్రాయుదురు. ఇది మిక్కిలి అవసరమైన పని. కాని ఆడిటరు ముఖ్యముగా కాగితమును కాగితముతో పోల్చును. ఓచరు ఉన్నదా, సంతకము ఉన్నదా, మొత్తము సరిపోయినదా అని చూచును. మస్టరు రోలులో పేరున్న మనిషి నిజముగా పార పట్టెనా, లేక ఏండ్ల క్రిందటనే మరణించెనా అను సంగతి ఆ వీధివారికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు.

పాలకులు ప్రజలకు లెక్క చెప్పవలెనను భావము మన దేశమునకు కొత్తది కాదు. తమిళనాడులో కాంచీపురమునకు సమీపమున ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. అచ్చటి ఆలయపు గోడలపై చోళరాజు మొదటి పరాంతకుని కాలమునాటి శాసనములు చెక్కబడియున్నవి. పదవ శతాబ్దము తొలిభాగమున గ్రామ సంఘములకు సభ్యులను ఎట్లు ఎన్నుకొనిరో అవి తెలుపుచున్నవి. అర్హులైనవారి పేర్లను తాటియాకులపై వ్రాసి కుండలో వేసి తీయుచుండిరి. అంతకుపూర్వము సంఘములో పనిచేసి లెక్క అప్పగింపనివాడు మరల సభ్యత్వమునకు అనర్హుడు. వాని దగ్గరి బంధువులకును ఆ అనర్హత వర్తించెడిది. వేయి సంవత్సరములకు పూర్వమే ఒక గ్రామము ఇంత కఠినమైన నియమము పెట్టుకొనెను.

ఆధునిక కాలమున ఈ భావము రాజస్థానములో మరల తలయెత్తినది. 1994 డిసెంబరు 2వ తేదీన పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌వారు ఒక బహిరంగ విచారణ జరిపిరి. పనుల లెక్కలను గ్రామస్థుల యెదుట బిగ్గరగా చదివిరి. అట్టి సభలనుండి పెరిగిన ఉద్యమము దేశమందంతట వ్యాపించినది. తుదకు 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. అదే సంవత్సరము పార్లమెంటు చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టములో, పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరుపవలెనను నిబంధన చేర్చబడినది.

ఆ ఉపాధి పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రారంభమైనది అనంతపురము జిల్లాలోనే. నార్పల మండలములోని బండ్లపల్లిలో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దానిని ప్రారంభించెను. కనగానపల్లియు అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. సామాజిక తనిఖీకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2009లో ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. ఇతర రాష్ట్రములవారును ఈ పద్ధతిని చూచి నేర్చుకొనిరి.

ఆ తనిఖీ విధానము సులభముగా బోధపడును. శిక్షణ పొందిన గ్రామ యువకులు మస్టరు రోలులు, కొలతల పుస్తకములు తీసికొని ఇల్లిల్లు తిరుగుదురు. చదువురానివారికి వారి పేర నమోదైన పనిదినములను, కూలిని చదివి వినిపింతురు. చెరువు పూడిక తీసిన చోటికి పోయి టేపుతో కొలుతురు. తేలిన విషయములను గ్రామసభలో చదివి, పిమ్మట మండల ప్రజావేదికలో అధికారుల యెదుట విచారింపజేయుదురు. ఎన్నడును సభలో నోరు తెరువని కూలి స్త్రీ, తన పేర వ్రాసిన సొమ్ము తనకు చేరలేదని మైకు పట్టుకొని చెప్పగలుగుట సామాన్య విషయము కాదు.

ఇంతటితో దోషములన్నియు తొలగినవని చెప్పరాదు. దారితప్పినట్లు తేలిన సొమ్ములో స్వల్పభాగమే తిరిగి వసూలైనది. అందుచేతనే 2012లో రాష్ట్ర శాసనసభ సామాజిక తనిఖీ ప్రోత్సాహమునకును, అవినీతి నివారణకును ఒక చట్టము చేసెను. తప్పు కనిపెట్టుట ఒక పని. దానిని దిద్దించుట మరియొక పని. రెండవది నెరవేరనిచో మొదటిదానిపై ప్రజలకు నమ్మకము సడలును.

పట్టణములలో పరిశీలన ఇంతకంటె కష్టము. మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పురపాలక సంఘములలో వార్డు కమిటీలు ఏర్పరుపవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము హిందూపురము, ధర్మవరము రెండును ఆ సంఖ్యకు లోబడినవే. అట్టి పట్టణములలో పౌరుడు తానే ముందుకు రావలెను. సమాచార హక్కు చట్టము వానికి మంచి సాధనము. పురపాలక కార్యాలయమున పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇచ్చి, తన వీధి రోడ్డు అంచనాను, కొలతలను, బిల్లును కోరవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో సమాధానము ఇయ్యవలెను. ఆంధ్రప్రదేశ్ నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములలో ఈ దరఖాస్తునకు రుసుమే లేదు.

లెక్క అడుగుట నింద మోపుట కాదు. సక్రమముగా పనిచేసిన సర్పంచికిని, ఇంజనీరునకును బహిరంగమైన లెక్కయే రక్ష. అది లేనిచోట మంచివారును అనుమానము పాలగుదురు. అడుగువాడును తన పన్ను సకాలమున చెల్లించి, కాగితము చదివి, కొలిచి, ఆ పిమ్మట మాటలాడవలెను. ఓటు అయిదేండ్లకొకమారు వచ్చును. లెక్క అడుగు అవకాశము ఏడాది పొడుగునను ఉండును. అందుకు కావలసినవి ఒక టేపు, ఒక పెన్సిలు, ఎనిమిదవ తరగతి గణితము, కొంచెము ధైర్యము.