ఒక సరకునకు రెండు ధరలు: చీనాలోని మోగాన్ కొండ సభ

చీనా దేశమునందలి చెజియాంగ్ రాష్ట్రములో మోగాన్‌షాన్ అను కొండ కలదు. అది వెదురు తోపులతో నిండి, వేసవియందును చల్లగా నుండు తావు. 1984 వ సంవత్సరము సెప్టెంబరు 3 వ తేది మొదలు 10 వ తేది వఱకు అచ్చట నొక అర్థశాస్త్ర సభ జరిగెను. పేరుమోసిన పండితుల కొఱకు ఏర్పఱచిన సభ కాదది. దేశమునందలి యువకుల నుండి వ్యాసములు రప్పించి, వ్రాసినవాని హోదా చూడక వ్రాతను మాత్రమే చూచి ప్రతినిధుల నెన్నుకొనిరి. వచ్చిన వ్యాసములు 1300 లకు పైబడినవి. పిలుపందినవారు 120 మందికి కొంచె మెక్కువ. వారిలో ననేకులు అంతకుముందు కొన్నియేండ్లు ప్రభుత్వపు టాజ్ఞచే పల్లెలకు పంపబడి, పొలములలో మన్ను పిసికినవారు. తరువాతి కాలమున దేశపు కేంద్ర బ్యాంకునకు గవర్నరైన చౌ శియావ్‌చువాన్, ఉపాధ్యక్షుడైన వాంగ్ చీషాన్ ఆ నాటి ప్రతినిధులలోని వారే.

దూరదేశపు సభ ముచ్చట మనకేల యని మన సభ్యు లడుగవచ్చును. ఆ సభలో మిక్కిలిగా తర్కింపబడినది ధర. పంట ధరను సర్కారు నిర్ణయింపవలెనా, సంత నిర్ణయింపవలెనా? ఒక పద్ధతి నుండి మఱియొక పద్ధతికి మాఱునపుడు నడుమ నలిగిపోవు వాడెవడు? ధాన్యము గాదెలో పోసికొని ధర కొఱకు ఎదురుచూచు ప్రతి రైతునకును ఈ ప్రశ్నలు తెలిసినవే.

కొంత పూర్వకథ చెప్పక తప్పదు. 1953 లో చీనా ప్రభుత్వము ధాన్యపు వర్తకము నంతయు తన చేతిలోనికి తీసికొనెను. ప్రతి గ్రామమునకును ఒక కోటా. ఆ కోటాను సర్కారు చెప్పిన ధరకే అమ్మవలెను. ప్రైవేటు వర్తకుడు ధాన్యము కొనరాదు. అట్లు కొన్న ధాన్యమును పట్టణవాసులకు చీట్ల మీద చౌకగా పంచిరి. 1958 లో కమ్యూనులు వచ్చి భూమియు పశువులును ఉమ్మడి యయ్యెను. దరిమిలా వచ్చిన ఘోరమైన కఱవులో కోట్లకొలది ప్రజలు మరణించిరి. 1978 చివర ఆన్‌హ్వే రాష్ట్రములో శియావ్‌గాంగ్ అను బీద గ్రామమున 18 కుటుంబముల వారు రహస్యముగా నొక కాగితము వ్రాసికొని వ్రేలిముద్రలు వేసిరి. భూమిని కుటుంబముల వారీగా పంచుకొనుట, సర్కారు కోటాను ఎవరి వంతు వారు చెల్లించుట, మిగిలినది ఎవరిది వారు అనుభవించుట: ఇదియే అందలి ఒడంబడిక. ఇట్టి పద్ధతి మఱికొన్ని చోట్లను మొలకెత్తి, కొలది యేండ్లలో దేశమంతట వ్యాపించెను.

1979 లో ప్రభుత్వము తన వంతుగా కోటా ధాన్యపు ధరను నూటికి 20 పెంచెను. కోటాకు మించి అమ్మిన ధాన్యమునకు ఆ ధర మీద మఱి నూటికి 50 హెచ్చుగా ఇచ్చెను. ఫలితమేమన, 1978 లో సుమారు 30 కోట్ల 48 లక్షల టన్నులుగా నుండిన ధాన్యపు పంట 1984 లో 40 కోట్ల 73 లక్షల టన్నుల కెక్కెను. (దుంపలను గూడ కొంత పాటి ధాన్యముగా లెక్కించు వాడుక యచ్చట గలదు.) కాని రైతునకు హెచ్చిన ధరను పట్టణవాసి మీద వేయలేదు. చీట్ల ధాన్యము పాత ధరకే దొరకుచుండెను. ఆ తేడా యంతయు ఖజానా భరించెను. పంట ఎంత బాగుగా పండిన ఖజానాకు అంత నష్టమను విపరీతపు స్థితి ఏర్పడెను. మోగాన్ కొండ మీద ప్రతినిధులు కూడుకొన్న నాటికి దేశము ఆ స్థితిలో నుండెను.

పరిశ్రమలలోను ఇదే చిక్కు. బొగ్గు ధర మిక్కిలి తక్కువ. త్రవ్వు గనికి నష్టము, కాల్చు కర్మాగారమునకు లాభము. ధరలు మార్పవలె ననుటలో సభలో భేదాభిప్రాయము లేదు. ఎట్లు మార్పవలె ననుటలోనే భేదము. ప్రభుత్వపు ధరల పరిశోధన కేంద్రమునుండి వచ్చిన తియెన్ యువాన్ మొదలగువారు, లెక్కలు గట్టి సర్కారే ధరలను సవరింపవలె ననిరి. షెన్సీ రాష్ట్రపు పల్లెలో పుట్టి, అప్పటికింకను శీఆన్ నగరమున విద్యార్థిగా నుండిన చాంగ్ వెయ్‌యింగ్ ధరలను విడిచిపెట్టవలె ననెను. ఎన్నిమార్లు సవరించినను సర్కారు కట్టిన ధర మఱునాటికే పాతబడును గదా యని ఆ పక్షమువారి వాదము. మంచి వాదమే. కాని ఒక్కసారిగా విడిచినచో చీట్ల బియ్యము మీద బ్రతుకు కూలివాని గతి యేమి? హువా షెంగ్, అతని మిత్రులు ఈ రెండు పక్షములను కలుపు మార్గమును వివరించిరి.

ఆ మార్గమునకే రెండు పట్టాల ధర యని పేరు. ప్రణాళికలో చెప్పిన మేరకు సరకును పాత ధరకే సర్కారునకు ఇయ్యవలెను. దానికి మించిన సరకును సంత ధరకు అమ్ముకొనవచ్చును. కోటాను నానాటికి తగ్గించుచు, లేదా కోటా ధరను సంత ధర వైపు జరుపుచు పోయినచో, కొన్నియేండ్లకు రెండు పట్టాలును ఒకటగును. మన చెఱకు రైతులకు ఇది వింత గాదు. మన దేశములో 1967 మొదలు 2013 వఱకు చక్కెర కర్మాగారములు ఉత్పత్తిలో కొంత భాగమును లెవీ క్రింద తక్కువ ధరకు సర్కారునకు ఇచ్చి, తక్కినది బజారులో అమ్ముకొనెడివి. ఈ ఊహను మొదట చెప్పినవారెవ్వరని ఆ సభకు వెళ్లినవారిలో నేటికిని వివాదము తెగలేదు. నా మట్టుకు నాకు ఆ వివాదము రుచింపదు. సర్కారు కోటా చెల్లించి మిగిలినది నాది యని వ్రేలిముద్ర వేసిన రైతు, పండితులకంటె ఆఱేండ్లు ముందుగా ఈ సూత్రమును ఆచరణలో పెట్టియుండెను.

సభ ముగియగానే నివేదికలు పై యధికారులకు చేరెను. మంత్రివర్గమున ఆర్థిక వ్యవహారములు చూచు చాంగ్ చింగ్‌ఫు వానిని మెచ్చెను. అక్టోబరు 20 వ తేదిన పాలకపక్షపు కేంద్రసంఘము ఆర్థిక సంస్కరణల తీర్మానమును చేసెను. అప్పటివఱకు కర్మాగారములు కోటాకు మించిన సరకును సర్కారు ధరకు నూటికి 20 కంటె హెచ్చుగా అమ్మరాదను కట్టుబాటుండెను. 1985 జనవరిలో అదియు తొలగెను.

ధాన్యము విషయమున జరిగినది వేఱు. దీనిని మన సభ్యులు నిదానముగా చదువవలెనని కోరుచున్నాను. 1985 లో ప్రభుత్వము నిర్బంధపు కొనుగోలును తీసివేసి, ఒప్పందపు కొనుగోలు పెట్టెను. ఒప్పందపు ధాన్యమునకు మూడు పాళ్లు పాత కోటా ధర, ఏడు పాళ్లు హెచ్చు ధర చొప్పున లెక్కగట్టి ఇచ్చెను. కోటా ధర బస్తాకు 100 అనుకొందము. హెచ్చు ధర 150. క్రొత్త ధర సగటున 135. పది బస్తాలలో ఎనిమిది కోటాకే పోవు చిన్న రైతునకు మునుపు 1100 వచ్చెడిది, ఇపుడు 1350 వచ్చును. వానికి లాభమే. నూఱు బస్తాలమ్మి, అందు పది మాత్రమే కోటాకు పోవు రైతునకు మునుపు 14,500. ఇపుడు అన్నియు ఒప్పందములో చేరినను 13,500. మఱియు ఒప్పందమునకు మించిన బస్తాను సంతలో అమ్ముకొనవలసినదే. సంత ధర మఱీ పడిపోయిన పక్షమున సర్కారు కొనును గాని, పాత కోటా ధరకే, అనగా 100 కే కొనును. మునుపు అదనపు బస్తాకు 150 నిశ్చయము. ఇపుడు నిశ్చయమైనది 100 మాత్రమే. సగటు ధరను చూచినవారికి ఖజానా భారము తగ్గినట్లు తోచెను. రైతు సగటును చూడడు; తాను వేయబోవు పంటలోని కడపటి బస్తాకు ఏమి వచ్చునో చూచును. ఆ యేడు ఎఱువుల ధరయు పెరిగెను. అనేకులు వరి, గోధుమ చేలలో కొంత తగ్గించి ఇతర పంటలు వేసిరి. 1985 లో పంట 37 కోట్ల 91 లక్షల టన్నులకు పడిపోయెను. 1984 నాటి మట్టమును మరల దాటుటకు 1989 వఱకు పట్టెను.

పంట తగ్గగానే ఒప్పందము పేరు మాత్రమే మిగిలి, మరల నిర్బంధమే యయ్యెను. రైతును సమాధానపఱచుటకై 1987 లో ఒప్పందపు ధాన్యము ఇచ్చువానికి చౌక ఎఱువు, చౌక డీసెలు, బయానా రొక్కము ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఏర్పాటు మంచిదే. కాని ఎఱువునకును రెండు ధరలుండెను గదా. చౌక ఎఱువు గిడ్డంగి నుండి రైతు పొలమునకు పోవు దారిలో, హెచ్చు ధర యిచ్చు బజారు నడుమ నుండెను. పట్టణములలో ఉక్కు, బొగ్గు విషయమునను ఇదే తంతు. పలుకుబడి గలవాడు సర్కారు ధరకు పర్మిట్టు సంపాదించి, సరకును కంటితో చూడకయే, ఆ కాగితమును బజారు ధరకు అమ్ముకొనెడివాడు. 1988 లో ఎఱువుల వర్తకమును సహకార సరఫరా సంఘముల వ్యవసాయ సామగ్రి కంపెనీలకు మాత్రమే అప్పగించుచు ఉత్తరువు పుట్టెను. ఆ యేడే ధరలు నూటికి 18 కి పైగా పెరుగగా, జనులు దుకాణముల మీద విఱుచుకుపడి ఉప్పు, సబ్బు మొదలు గుడ్డల వఱకు కొని దాచిరి. ఆ కాలమున పెక్కుచోట్ల ధాన్యమునకు రొక్కము బదులు చీట్లు వ్రాసి యిచ్చిరి. వానిని రైతులు తెల్ల చీట్లనిరి. పొలమున నారు పోయవలసిన దినములలో తెల్ల చీటి విత్తనమును కొనజాలదు. 1989 లో పెయిచింగ్ నగరమున చెలరేగిన ఆందోళనకు గల కారణములలో, అధికారుల ఈ రెండు ధరల వర్తకము మీది కోపము ఒకటి.

ఇంత జరిగినను, ఆ కొండ మీది యువకుల సలహా చెడ్డదని నేననుకొనను. రష్యా 1992 జనవరిలో ధరల నొక్కసారిగా విడిచిపెట్టగా, ఆ సంవత్సరములోనే అవి ఇఱువది రెట్లకు మించి పెరిగి, ముసలివారు దాచుకొన్న సొమ్ము కరగిపోయెను. చీనాలో కర్మాగారములు మూతపడకయే, పాత పట్టా మీద నడచుచు క్రొత్త పట్టా మీద పోవుట నేర్చుకొనెను. రెండు పట్టాల నడుమ నిలుచు వానికి కావలి ఎవరన్న ప్రశ్నకు మాత్రము ఆ పద్ధతిలో జవాబు లేకపోయెను. తేడా యున్నంతకాలము దానిని తినువాడుండును. తేడాను ఎంతకాలము సాగనిత్తురో అంతకాలము వాడు బలియును. పత్రము వ్రాసి పోయిన పండితుని కంటె, గిడ్డంగి తలుపు వద్ద తూకపు చీటి చేతబట్టి నిలిచిన రైతునకు ఈ సంగతి బాగుగా తెలియును.

1990 తరువాత పరిశ్రమల సరకులలో పెక్కింటి ధరలు క్రమముగా ఒకటయ్యెను. 1993 నాటికి పట్టణములలో ధాన్యపు చీట్లు పోయెను. ధాన్యమే అన్నిటికంటె ఆలస్యముగా ఒకే పట్టా కెక్కినది. 2004 లో ధాన్యపు కొనుగోలును అందఱికిని తెఱచి, ఆ యేడే వరికిని, 2006 లో గోధుమకును కనీసపు ధరను ప్రకటించిరి. 2006 జనవరి 1 వ తేది నుండి వ్యవసాయపు పన్నును దేశమంతట రద్దుచేసిరి.